గుండె డాక్టరు గారి బోర్డు మీద అక్షరాలు



మా ఓ.పి. చీట్ల బల్ల దగ్గర కూర్చునే సిస్టర్లను చాలామంది అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "అమ్మా, గుంటూరులో గుండెకు మంచి డాక్టరు ఎవరు? పేరు చెప్పండి, రేపే పోతాం" అని. రాజుపాలెం నుండి వచ్చినవారు, ముప్పాళ్ళ నుండి వచ్చినవారు, క్రోసూరు నుండి వచ్చినవారు, అందరిదీ ఇదే ప్రశ్న. పేరు చెప్పడం మా పని కాదు, చెప్పము కూడా. కాని ప్రశ్న మాత్రం అడగవలసినదే. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూస్తాము, మిరప విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్టు మీద కంపెనీ, తేదీ చూస్తాము. గుండెను చేతిలో పెట్టేటప్పుడు మాత్రం "ఎవరో చెప్పారు" అని వెళ్ళిపోతాము. డాక్టరు గారి చదువు ఏమిటి, ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నాళ్ళనుండి ఆ పని చేస్తున్నారు అని తెలుసుకోవడం మర్యాద తక్కువ అని మనవాళ్ళ భయం. అది మర్యాద తక్కువ కాదు, రోగి హక్కు అని నా అభిప్రాయం. ఈ నెల దాని గురించే వ్రాస్తున్నాను.

ముందు బోర్డు సంగతి. మొదట ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరాలు చదువు, ఒక సంవత్సరం హౌస్ సర్జన్ పని. ఆ తరువాత జనరల్ మెడిసిన్‌లో గాని, పిల్లల వైద్యంలో గాని ఎం.డి. మూడు సంవత్సరాలు. ఆ పైన కార్డియాలజీలో డి.ఎం. అని ఇంకొక మూడు సంవత్సరాలు. అంటే ఇంటర్ అయిన పిల్లవాడు ఒక్క పరీక్ష కూడా తప్పకుండా, ఒక్క ఏడాది కూడా పోగొట్టుకోకుండా చదివితే పదకొండున్నర సంవత్సరాలకు గుండె వైద్య నిపుణుడు అవుతాడు. అలా ఎవరికీ సాగదు. సీటు కోసం మధ్యలో ఒకటి రెండు సంవత్సరాలు పోతాయి, ప్రభుత్వానికి వ్రాసి ఇచ్చిన బాండు ప్రకారం కొంతకాలం పని చేయవలసి ఉంటుంది. మొత్తం మీద ముప్పై దాటిన తరువాతే ఆ మనిషి సొంతంగా ఒక యాంజియోగ్రామ్ చేస్తాడు. డి.ఎం.కు బదులు జాతీయ బోర్డు వారి డి.ఎన్.బి. కార్డియాలజీ ఉన్నా అదీ సమానమే. ఛాతీ తెరచి ఆపరేషన్ చేసే సర్జన్లు వేరు. వారిది ఎం.ఎస్. జనరల్ సర్జరీ, ఆ పైన ఎం.సిహెచ్. మనవారు ఇద్దరినీ "గుండె డాక్టరు" అనే అంటారు గనుక స్టెంటు వేసే వారి దగ్గరకు బైపాస్ కోసం, బైపాస్ చేసే వారి దగ్గరకు బి.పి. మాత్రల కోసం పోయి తిరిగి వస్తుంటారు.

బోర్డు మీద ఇంకా కొన్ని అక్షరాలు ఉంటాయి. ఎఫ్.ఎ.సి.సి. వంటివి విదేశీ సంఘాల వారు ఇచ్చే సభ్యత్వ గౌరవాలు. గౌరవమే, సందేహం లేదు. కాని అది డి.ఎం. చదువుకు బదులు కాదు. ఎం.డి. మాత్రమే చదివి, గుండె జబ్బులు చూడడంలో మంచి అనుభవం ఉన్న ఫిజీషియన్లు మన ప్రాంతంలో ఉన్నారు. బి.పి.కి, షుగరుకు, గుండె నీరసానికి వారు చక్కగా మందులు ఇస్తారు. వారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నా ఉద్దేశమల్లా వారు ఫిజీషియన్ అని వ్రాసుకోవాలి, కార్డియాలజిస్టు అని వ్రాసుకోకూడదు అని. ఇది నా సొంత మాట కూడా కాదు. మెడికల్ కౌన్సిల్ వారి 2002 నాటి వైద్య నీతి నిబంధనలలోనే ఉన్నది. ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేనివారు ఆ శాఖ నిపుణులమని చెప్పుకోకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనబడేటట్లు పెట్టాలి, మందుల చీటీ మీద, డబ్బు రసీదు మీద కూడా ఉండాలి. ఈసారి మీ చేతిలో ఉన్న చీటీ తిప్పి చూడండి, ఎన్నింటి మీద ఉన్నదో.

"ఇంత అనుమానమెందుకు సిస్టరమ్మా" అనేవారి కోసం ఒక సంగతి చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో, మధ్యప్రదేశ్‌లోని దమోహ్ పట్టణంలో ఒక ఆసుపత్రిలో పనిచేసిన మనిషిని పోలీసులు అరెస్టు చేశారు. లండన్‌లోని ఒక పేరుపొందిన గుండె వైద్యుని పేరును పోలిన పేరు పెట్టుకొని, దొంగ సర్టిఫికెట్లతో ఉద్యోగంలో చేరి, రోగులకు యాంజియోగ్రామ్‌లు, స్టెంట్లు చేశాడని ఆరోపణ. ఏడుగురు చనిపోయారని ఫిర్యాదు వెళ్ళింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ వారు విచారణకు వచ్చారు. ఆ ఆసుపత్రి మన వంటిదే, మిషన్ ఆసుపత్రి. ఆ వార్త చదివిన రోజు మా స్టాఫు గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఊరికి దూరంగా, జీతం తక్కువగా ఉన్న ఆసుపత్రికి పెద్ద చదువుల డాక్టరు దొరకడమే గొప్ప. దొరికినప్పుడు కాగితాలు గట్టిగా అడగడానికి మనసు రాదు. మోసగాడు చూసుకునేది సరిగ్గా దానినే. కాబట్టి కాగితాలు అడగడం రోగి కన్నా ముందు ఆసుపత్రి బాధ్యత. రోగికి తోడుగా మరొక మార్గం ఉన్నది. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో, జాతీయ మెడికల్ కమిషన్ రిజిస్టరులో డాక్టరు పేరు వెదకవచ్చు. ఇంట్లో కాలేజీ చదివే పిల్లలుంటే ఫోనులో ఐదు నిమిషాల పని.

చదువు ఒక ఎత్తు. ఆ చదువును మనిషి ఏ దారిన నడిపించాడన్నది రెండవ ఎత్తు. ప్రైవేటు ప్రాక్టీసులో ఉన్న గుండె వైద్యులనగానే మన తెలుగువారిలో ముందు గుర్తుకు వచ్చేది డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గారు. ఆయన పేరు అపోలో అనే పేరు చాటున పడిపోయింది గాని, ఆయన కథ తెలుసుకోదగినది. 1933లో చిత్తూరు జిల్లా అరగొండ అనే పల్లెటూరిలో పుట్టారు. మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివారు. అమెరికా వెళ్ళి గుండె వైద్యంలో శిక్షణ పొందారు. అక్కడ స్థిరపడిపోయి ఉండేవారే. తండ్రి గారు ఉత్తరం వ్రాశారు, నీ చదువు ఇక్కడి వారికి ఉపయోగపడితే బాగుంటుందని. ఆ ఉత్తరం సంగతి ఆయనే అనేకసార్లు చెప్పారు. 1970లలో తిరిగి వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు.

అప్పటి రోజులు ఇప్పటి పిల్లలకు తెలియవు. బైపాస్ అంటే విదేశాలకు పోవలసిందే అనుకునే కాలం. పూర్తిగా లేదని కాదు. మన మిషన్ వారి వెల్లూరు ఆసుపత్రిలో 1961లోనే, దేశంలో తొలి ఓపెన్ హార్ట్ ఆపరేషన్లలో ఒకటి జరిగింది. కాని వెల్లూరులో వరుస పెద్దది, మిగతా చోట్ల యంత్రాలు లేవు. ప్రతాప్ రెడ్డి గారు తన దగ్గరకు వచ్చిన రోగులను అమెరికాకు పంపేవారు. 1979లో ముప్పై ఎనిమిదేళ్ళ రోగి ఒకరు ఆపరేషన్‌కు యాభై వేల డాలర్లు సమకూర్చుకోలేక చనిపోయాడు. భార్య, చిన్న పిల్లలు మిగిలారు. అమెరికాలో జరిగే ఆపరేషన్ ఇక్కడ ఎందుకు జరగకూడదు అన్న ఆలోచన అక్కడి నుండి వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు. అప్పటి చట్టాల ప్రకారం ప్రైవేటు ఆసుపత్రికి బ్యాంకు అప్పు దొరకడం కష్టం, బయటి దేశం నుండి యంత్రం తెచ్చుకోవడం అంతకన్నా కష్టం. ఢిల్లీ చుట్టూ తిరిగి ఒక్కొక్క అనుమతి తెచ్చుకొని, 1983 సెప్టెంబరులో మద్రాసులో నూట యాభై పడకలతో ఆసుపత్రి తెరిచారు. రాష్ట్రపతి జైల్ సింగ్ గారు ప్రారంభించారు. 2000 మార్చిలో సొంత ఊరు అరగొండలో టెలిమెడిసిన్ మొదలుపెట్టారు, అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ గారు దానిని ప్రారంభించారు. 2010లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఇందులో నాకు నచ్చినది అవార్డులు కాదు. ఒక రోగి చనిపోతే ఆ ఫైలు మూసివేసి తరువాత రోగిని పిలవకుండా, ఎందుకు చనిపోయాడు అని ఆగి చూడడం. అయితే నచ్చని మాట కూడా ఒకటి చెప్పాలి, చెప్పకపోతే ఇది పొగడ్త అవుతుంది. ఆయన వేసిన దారిలోనే దేశమంతా కార్పొరేట్ ఆసుపత్రులు వచ్చాయి. వైద్యం మన ఊరికి దగ్గరైంది, డిపాజిట్ కౌంటరు కూడా దగ్గరైంది. యాభై వేల డాలర్లు లేక చనిపోయిన మనిషి స్థానంలో రెండు లక్షల రూపాయలు లేక పొలం కుదువ పెట్టే మనిషి వచ్చాడు. ఇది ఒక్క డాక్టరు తప్పు కాదు. యంత్రం అప్పు మీద కొన్నారు, ఆ అప్పు నెల నెలా తీరాలి, అందుకు నెలకు ఇన్ని కేసులు కావాలి. ఈ లెక్క తెలిసిన రోగి అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది.

రెండవ పేరు డాక్టర్ బి. సోమరాజు గారు. హైదరాబాదు నిమ్స్‌లో ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగానే పేరు తెచ్చుకున్నారు. 1990లలో అబ్దుల్ కలాం గారితో కలిసి తక్కువ ధరకు దేశీయ స్టెంటు తయారు చేయించారు. కలాం–రాజు స్టెంటు అని దానిని పిలిచేవారు. 1997లో కేర్ ఆసుపత్రి స్థాపించి ప్రైవేటు వైపు వచ్చారు. రాకెట్లు చేసే వారి లోహం గుండె రక్తనాళంలోకి రావడం అప్పట్లో పెద్ద వింత. ధర సంగతి మాత్రం అంతటితో తీరలేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. అప్పుడు మందు పూత స్టెంటుకు 29,600 రూపాయలు, పూత లేనిదానికి 7,260 రూపాయలు. అంతకు ముందు లక్ష, లక్షన్నర బిల్లులు చూసిన కుటుంబాలు మన సంఘాల్లోనే ఉన్నాయి. ఇప్పటికీ స్టెంటుకు గరిష్ఠ ధర ఉన్నది గనుక, బిల్లులో స్టెంటు ధర వేరుగా, కంపెనీ పేరుతో సహా వ్రాసి ఇవ్వమని అడగండి.

మూడవ వారు మనకు అందరికన్నా దగ్గరివారు. డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే గారు, గుండె సర్జన్. హైదరాబాదులో పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేతినిండా పని ఉన్న మనిషి. 2015లో గుంటూరు పెద్దాసుపత్రిలో ప్రభుత్వం, ప్రైవేటు కలిసిన పద్ధతిలో ఓపెన్ హార్ట్ ఆపరేషన్లు మొదలుపెట్టారు. తన బృందంతో అక్కడికి వచ్చి చేసేవారు. 2016 మే నెలలో అదే ఆసుపత్రిలో గుండె మార్పిడి ఆపరేషన్ జరిగింది. పద్మశ్రీ కూడా ఆ సంవత్సరమే వచ్చింది. గుంటూరు పెద్దాసుపత్రి అంటే వరండాలో చాపలు, మంచం కోసం ఎదురుచూపులు అని మన జనానికి తెలుసు. అక్కడ గుండె మార్పిడి అనగానే మొదట మా సిస్టర్లే నమ్మలేదు. నర్సు దృష్టితో చూస్తే ఆపరేషన్ ఒక రోజు పని. తరువాత ఆ రోగికి ఇన్ఫెక్షను రాకుండా గది శుభ్రం, మందుల సమయం, రాత్రింబగళ్ళు ఒక సిస్టరు కనిపెట్టుకొని ఉండడం, ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో నిలబెట్టి చూపించడం అసలు పని. పత్రికలలో సర్జను ఫొటో వచ్చింది. ఐ.సి.యు. సిస్టర్ల ఫొటో నేను చూడలేదు, అది వేరే సంగతి.

ఈ ముగ్గురి దారులు వేరు. ఒకరు విదేశం నుండి వచ్చి ప్రైవేటులో కట్టారు, ఒకరు ప్రభుత్వంలో పెరిగి ప్రైవేటుకు వెళ్ళారు, ఒకరు ప్రైవేటులో ఉంటూ ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చారు. కనుక "ప్రైవేటు డాక్టరు అంటే డబ్బు మనిషి" అనే మాట, "సర్కారు డాక్టరు అంటే పనికిరాడు" అనే మాట, రెండూ నోట్లోంచి తీసివేయవలసినవే.

మన పల్నాటిలో డాక్టరును ఎన్నుకునేది రోగి కాదు, రోగిని తీసుకువెళ్ళేవారు. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు ఏ ఆసుపత్రికి ఫోను చేస్తే అక్కడికి పోతాము. వారిలో రాత్రి అర్ధరాత్రి లేచి సొంత బండి మీద తెచ్చి దింపే మంచివారు ఉన్నారు, నేను చూశాను. కాని కమీషను అనే మాట కూడా అందరికీ తెలిసినదే. రోగిని పంపినందుకు డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం ఆ 2002 నిబంధనలలోనే నిషేధం. నిషేధమైనా సాగుతున్నది, ఎందుకంటే ఆ డబ్బు ఎవరి బిల్లులోంచి వస్తున్నదో బిల్లు కట్టేవారు అడగరు. "ఇక్కడికే ఎందుకు, ఇంకొకచోటికి ఎందుకు కాదు?" అని ఒక్కమాట మర్యాదగా అడగండి. నిజాయితీగా పంపేవారు కారణం చెబుతారు.

తొందర లేని జబ్బుకు ఇన్ని విచారించుకోవచ్చు. ఛాతీ నొప్పి వచ్చిన మనిషి విషయంలో మాత్రం పై మాటలన్నీ పక్కన పెట్టండి. ఇక్కడ పెద్ద పేరు కోసం వెదకడమే ప్రాణం మీదికి తెస్తుంది. నడి ఛాతీలో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం ఉంటే ఇంటిలో పంచాయతీ పెట్టవద్దు. ఆడవారిలో, షుగరు ఉన్నవారిలో నొప్పి సరిగా ఉండదు. కడుపు పైభాగాన మంట, నీరసం, వాంతి వచ్చేటట్లుండడం అంతే. గ్యాసు అనుకొని సోడా తాగించి పడుకోబెడతారు. అటువంటివారికి ముందు ఇ.సి.జి. తీయాలి. మా దగ్గరైనా, సర్కారు ఆసుపత్రిలోనైనా వచ్చిన పది నిమిషాలలో ఇ.సి.జి. తీయడం మా సిస్టర్ల పని, దానికి డి.ఎం. అక్కరలేదు. ఆస్పిరిన్ పడనివారు గాని, రక్తస్రావం ఉన్నవారు గాని కాకపోతే డాక్టరు గారు ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలిస్తారు. గడ్డ కరిగించే ఇంజెక్షను అవసరమా కాదా అప్పుడే తేలుతుంది. టెనెక్టెప్లేజ్ అనే ఆ ఇంజెక్షను బయట కొంటే నలభై వేల రూపాయల దాకా ఉంటుంది. స్టెమీ అనే కార్యక్రమం కింద 2023లో గుంటూరుతో సహా కొన్ని చోట్ల ప్రభుత్వ ఆసుపత్రులలో దానిని ఉచితంగా ఇవ్వడం మొదలైంది. మొదటి రెండు మూడు గంటలలో పడితే దాని ఫలితం ఎక్కువ. ఆ తరువాత ప్రతి అరగంటకు గుండె కండరం కొంత పోతూనే ఉంటుంది.

సత్తెనపల్లి నుండి పేరేచర్ల మీదుగా గుంటూరుకు గంట ప్రయాణం. పత్తి లారీలు, మిర్చి టిక్కీల బండ్లు ఎదురైతే ఇంకా ఎక్కువ. అచ్చంపేట దాటి లోపలి ఊళ్ళవారికి ఇక్కడికి రావడానికే చాలా సేపు పడుతుంది. అటువంటప్పుడు "ఇక్కడ ఆపవద్దు, నేరుగా పెద్ద డాక్టరు దగ్గరకు పోనివ్వు" అనే బంధువు మాట వినకండి. దారిలో ఉన్న ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయించి, ఆ కాగితం చేత పట్టుకొని, 108లో వెళ్ళండి. ఆ కాగితం ఫోనులో ముందే వెళ్ళితే అక్కడి కార్డియాలజిస్టు గారు మీరు చేరేసరికి క్యాథ్‌ల్యాబ్ సిద్ధం చేయించగలరు. పదకొండున్నర ఏళ్ళ చదువు పనిచేయాలంటే మొదటి పది నిమిషాల పని ఇక్కడ జరగాలి.

డబ్బు సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. గుండె ఆపరేషన్లు, స్టెంట్లు అందులో ఉన్నాయి. మీరు వెళ్ళే ఆసుపత్రి ఆ జాబితాలో ఉన్నదా, గుండె విభాగానికి ఉన్నదా అని చేరకముందే ఆరోగ్యమిత్రను అడగాలి. కార్డు జేబులో ఉండి కూడా "ముందు కట్టండి, తరువాత చూద్దాం" అనే మాటకు కట్టివచ్చినవారు ఉన్నారు.

నన్ను చాలామంది అడుగుతారు, "ఇన్నేళ్ళు డాక్టర్లతో పనిచేశారు కదా, మంచి డాక్టరును మీరు ఎలా గుర్తుపడతారు?" అని. నా గుర్తులు చదువులో ఉండవు. పాత కాగితాలు చూడకుండా కొత్త పరీక్షలు వ్రాస్తున్నారా? యాంజియోగ్రామ్ ఎందుకో రోగికి అర్థమయ్యే మాటలలో చెప్పారా, లేక సంతకం పెట్టమని కాగితం ముందుకు తోశారా? రెండవ డాక్టరు అభిప్రాయం తీసుకుంటామంటే ముఖం మారిందా? రాత్రి రెండు గంటలకు డ్యూటీ సిస్టరు ఫోను చేస్తే విసుక్కున్నారా, లేక "బి.పి. ఎంత, మూత్రం ఎంత వచ్చింది" అని అడిగారా? ఈ ఆఖరిది రోగికి కనబడదు. కాని వార్డు సిస్టర్లను అడిగితే వారి ముఖంలో జవాబు కనబడుతుంది. రెండవ అభిప్రాయం కోసం రికార్డులు అడిగితే 72 గంటలలోగా ఇవ్వాలని కూడా నిబంధన ఉన్నది. కాబట్టి సి.డి., రిపోర్టులు అడగడానికి మొహమాట పడవద్దు.

చివరిగా, స్టెంటు వేయించుకొని ఇంటికి వచ్చినవారికి. గుంటూరు డాక్టరు గారు మిమ్మల్ని మూడు నెలలకు ఒకసారి పది నిమిషాలు చూస్తారు. మిగతా రోజులన్నీ మీరు ఇక్కడే. ఆస్పిరిన్‌తో పాటు ఇచ్చే రెండవ మాత్ర క్లోపిడోగ్రెల్ గాని, టికాగ్రెలార్ గాని ఉంటుంది. నొప్పి తగ్గిందని, పంట డబ్బు చేతికి రాలేదని దానిని మధ్యలో ఆపేస్తే స్టెంటులో గడ్డ కట్టి ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. పన్ను పీకించుకోవాలన్నా డాక్టరు గారిని అడగకుండా ఆపకూడదు. ఎన్ని నెలలు వాడాలో డిశ్చార్జి కాగితం మీద తేదీతో సహా వ్రాయించుకొని రండి. వ్రాసి లేకపోతే ఆ కాగితం మా ఓ.పి.కి తీసుకురండి, మా సిస్టర్లు ఆ ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కొని మీ పుస్తకంలో వ్రాసి ఇస్తారు.